జేన్ గ్రేనా, మార్గరెట్ బ్యూఫోర్టా?

ఇంగ్లండ్ సింహాసనం గొడవల్లో నలిగిన అమ్మాయి మీద నవల రాయాలంటే నా ముందు ఇద్దరున్నారు. జేన్ గ్రే కథలో టెన్షన్ రెడీగా ఉంటుంది. 1553 జూలైలో వద్దని ఏడ్చినా పెద్దలు రాణిని చేశారు, 9 రోజులకే దించేశారు. 1554 ఫిబ్రవరిలో తల నరికే శిక్ష అమలు చేసేటప్పుడు కళ్లకు గంతలతో, తల పెట్టాల్సిన దిమ్మె ఎక్కడుందో తెలియక చేతులతో తడుముకుంది. ఆ ఒక్క సీను చాలు, నవల రాయబుద్ధేస్తుంది. చిక్కల్లా, ముగింపు అందరికీ ముందే తెలుసు.

మార్గరెట్‌ది నిదానంగా సాగే కథ. 13 ఏళ్లకే, అప్పటికే భర్తను పోగొట్టుకుని, పెంబ్రోక్ కోటలో కొడుకును కన్నది. ఆ పిల్లాడే 1485లో బోస్‌వర్త్ యుద్ధం గెలిచి ఇంగ్లండ్ రాజు ఏడో హెన్రీ అయ్యాడు. మధ్యలో 28 ఏళ్ల ఎదురుచూపు, అవసరం కోసం చేసుకున్న పెళ్లిళ్లు. పాఠకుడికి ఓపిక కావాలి. అయినా నా ఓటు ఈమెకే. నాకు కథను తనే నడిపే నాయిక కావాలి, జేన్ విషయంలో చాలా మటుకు మామగారే చక్రం తిప్పారు మరి.