పాలిచ్చే రోజులకు మంగళగిరి కాటన్ కుర్తీలు: రెండేళ్లు వాడాక

మొత్తం ఆరు కుర్తీలు. ఆరూ మంగళగిరి కాటన్ మీటర్ల లెక్కన కొని టైలర్ దగ్గర కుట్టించినవే. ప్రసవమైన రెండో నెల నుంచి పాలు మాన్పించేదాకా, ఆ తర్వాత కూడా కలిపి రెండేళ్లు దాటింది. ఒక్కోటి నూట యాభై ఉతుకులకు తక్కువ కాకుండా చూసింది. ఇంట్లో వంటకీ, పిల్లల డాక్టర్ దగ్గరికీ, ఆఫీసుకీ ఇవే. ముందుగా తీర్పు చెప్పేస్తాను. గుడ్డకు పదికి తొమ్మిది మార్కులు. కుట్టు మాత్రం మనం దగ్గరుండి చెప్పి చేయించుకుంటేనే. చెప్పకుండా వదిలేస్తే ఇంత మంచి గుడ్డా మూడు నెలల్లో మూలన పడుతుంది.

గుంటూరు జిల్లా మంగళగిరిలో గుంట మగ్గాల మీద నేసే గుడ్డ ఇది. ఒళ్లంతా సాదాగా, బుటాలు లేకుండా ఉంటుంది. అంచుకు జరీ, నిజాం అంచు అని పేరు. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. బుటాలు లేకపోవడమే తల్లికి మేలు: వెనక వేలాడే దారాలుండవు, పిల్ల చెంపకు గరుకు తగలదు, లోపల లైనింగ్ అక్కర్లేదు. లైనింగ్ లేకపోతే మే నెల ఎండల్లో ఎంత తేడాయో గుంటూరు, బెజవాడ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మరమగ్గం గుడ్డను కూడా ఇదే పేరుతో అమ్ముతున్నారు కాబట్టి కొనేటప్పుడు అంచుల వెంబడి వేలితో తడిమి చూడండి. నేసేటప్పుడు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, తగ్గకుండా లాగిపట్టే కర్ర కొసల్లో సూదులుంటాయి, వాటి సన్నటి రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. ఆ ఒక్క ఆనవాలే నమ్ముకోకుండా చేనేతేనని చెప్పే ప్రభుత్వ ముద్ర, హ్యాండ్‌లూమ్ మార్క్, కూడా అడగండి. ఒక దారం లాగి కాల్చి చూస్తే ఇంకా తేలిక. నూలైతే కాగితంలా కాలి మెత్తని బూడిదవుతుంది, పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి గట్టి ఉండ కడుతుంది.

పన్నా 44 నుంచి 46 అంగుళాలు ఉంటుంది. ఛాతీ 40, పొడవు 42, మోచేతి దాటిన చేతులు, రెండు జేబులు, జిప్పుల మీద పట్టీలు, ఇవన్నీ రావాలంటే రెండు ముప్పావు మీటర్లు తీసుకోవాలి. మామూలు కుర్తీకి సరిపోయే రెండున్నరలో పట్టీలకు గుడ్డ చాలదు. టైలర్ వేరే గుడ్డతో పట్టీ వేసేస్తాడు, అది వేరేలా కుంచించుకుపోయి అక్కడ ముడత నిలిచిపోతుంది.

కుట్టడానికి ఇచ్చే ముందు గుడ్డ తడపడం అందరూ వదిలేసే పని. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. చేనేతలో పడుగుకు, అంటే నిలువు దారాలకు, గంజి పెట్టి నేస్తారు. ఆ గంజి దిగితే గానీ గుడ్డ అసలు కొలతకు రాదు. ఒక రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టి, మర్నాడు పిండకుండా నీడన ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే 2.75 మీటర్లు సుమారు 2.65కి దిగింది. పది సెంటీమీటర్లన్నమాట. తడపకుండా కుట్టించిన ఒక కుర్తీలో గుడ్డ కుంచించుకుపోయింది కానీ జిప్పు నైలాన్ కాబట్టి కుంచించుకోలేదు. ఫలితంగా ఛాతీ మీద రెండు పక్కలా జిప్పు పాములా మెలికలు తిరిగింది. ఎంత ఇస్త్రీ చేసినా అది సర్దుకోదు, విప్పి మళ్లీ కుట్టాల్సిందే.

రంగు సంగతీ ఇక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే పిల్లలు గుడ్డ అంచు నోట్లో పెట్టుకుని చీకుతారు. ఉప్పు, వెనిగర్ కలిపి నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది అంటారు. అద్దకం ముగిసిన గుడ్డ మీద వాటి ప్రభావం ఉండదు. దిగేది దారానికి పట్టని మిగులు రంగు, దాన్ని కడిగేయడమే మార్గం. ముదురు ఎరుపు, నేవీ బ్లూ గుడ్డలకు నాలుగు ఉతుకులు పట్టాయి, లేత రంగులకు రెండు చాలాయి. తెల్ల చేతిరుమాలు తడిపి గుడ్డ మీద గట్టిగా రుద్దినా రంగు అంటకపోతే ఇక టైలర్‌కి ఇవ్వొచ్చు.

ఇప్పుడు జిప్పుల మాట. దుకాణాల్లో దొరికే ఫీడింగ్ కుర్తీలకు ఛాతీ మధ్యలో ఒకే అడ్డ తెరుపో, రెండు పక్కలా ఏడంగుళాల జిప్పులో పెడతారు. ఏడంగుళాలు చాలవు, పిల్ల ముక్కు మీదికి గుడ్డ వచ్చి పడుతుంది. తొమ్మిది అంగుళాల తెరుపు కావాలి. ప్రిన్సెస్ కట్ కుట్టులోనే, అంటే ఛాతీ మీదుగా రెండు పక్కలా కిందికి దిగే నిలువు కుట్టులోనే, జిప్పు దాచాలి, భుజం కుట్టు నుంచి ఏడంగుళాల కింద మొదలై పదహారో అంగుళం దగ్గర ఆగాలి. పాత కుర్తీ కొలత ఇస్తే ఇది పైకి పోతుంది, పాలిచ్చేటప్పుడు ఛాతీ అంగుళం దాకా కిందికి దిగుతుంది కాబట్టి. ఇప్పటి కొలతే ఇవ్వాలి, అదీ ఫీడింగ్ బ్రా వేసుకుని.

జిప్పు తలకిందులుగా వేయమని చెప్పండి. అంటే మూసినప్పుడు లాగుడు బిళ్ల కిందుండాలి, తెరవడానికి పైకి లాగాలి. టైలర్లు వింతగా చూస్తారు గానీ కారణం గట్టిదే. పాలు తాగాక పిల్లను భుజాన వేసుకుని తేనుపు తెప్పిస్తాం కదా, అప్పుడు బిళ్ల పైన ఉంటే సరిగ్గా చెంప కిందికి వస్తుంది, చెంప మీద గీత పడుతుంది. పైగా కిందనుంచి తెరిస్తే పై భాగం కప్పి ఉంటుంది, బస్సులోనో పెళ్లిలోనో కూర్చున్నా ఇబ్బంది ఉండదు.

కనపడని జిప్పులు చూడ్డానికి అందంగా ఉంటాయి, కానీ ఈ పనికి వద్దు. ఒక చేత్తో పిల్లను పట్టుకుని రెండో చేత్తో ఏటవాలుగా లాగుతాం, ఆ లాగుడుకి పళ్లు విడిపోతాయి. ఆరింటిలో రెండింటికి ఇవి వేయించాను, రెండూ ఏడాదిలోపే పోయాయి. మిగతా నాలుగింటికి మామూలు నైలాన్ జిప్పు, మూడో నంబరు సైజు, పైన ముప్పావు అంగుళం పట్టీ. నాలుగూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. లోహపు జిప్పు అసలు వద్దు: గీసుకుంటుంది, ఎండలో కాలుతుంది. జిప్పు వెనక ఒకటిన్నర అంగుళాల వెడల్పున అదే గుడ్డతో ఇంకో పట్టీ, రెండు కొసలకూ గుడ్డ తొడుగు ఉండాలి. ఈ కొసల తొడుగు టైలర్లు మర్చిపోతారు. కోసిన నైలాన్ కొస మన ఒంటికే గుచ్చుకుంటుంది, పిల్ల సంగతి సరేసరి. బిళ్ల బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్కతో పళ్ల మీద రెండుసార్లు రుద్దండి. నూనె రాస్తే మరక పడుతుంది.

మెడ వి నెక్, సన్నటి పైపింగ్, అంతే. బోట్ నెక్‌ని పిల్ల పట్టుకుని వేలాడితే నెలలోపే భుజం మీంచి జారడం మొదలవుతుంది. ముందు బొత్తాలు, పూసల దోరీలు, లట్కన్లు వద్దు. కొరికి ఊడదీస్తే నేరుగా గొంతులోకే. జరీ అంచు కింద ఘేరాకే, అంటే కుర్తీ కింది అంచుకే, వేయించండి. మెడకీ చేతులకీ వేయిస్తే పిల్ల గోళ్లు జరీకి చిక్కుకుంటాయి. పొడవు 44 అంగుళాలు పెట్టిస్తే నిలబడ్డప్పుడు బాగుంటుంది, కానీ పిల్లను ఎత్తుకుని నేల మీంచి లేచేటప్పుడు ఘేరా కాలి కింద పడుతుంది. 40 నుంచి 42 చాలు. కాళ్లు చాపుకుని పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టి నలుగు పెట్టే ఇంట్లో పక్క చీలిక తుంటి దగ్గరే మొదలవ్వాలి, మోకాలి దగ్గర మొదలైతే కుట్టు చిరుగుతుంది. జేబు ఆరున్నర అంగుళాల వెడల్పు, తొమ్మిది లోతు. ఫోను, చేతిరుమాలు, ఒక డైపర్ పడతాయి.

ఇక ఈ గుడ్డలో నిజమైన లోపం. సాదా గుడ్డ కాబట్టి పాలు కారిన తడి బాగా తెలుస్తుంది. బూడిద రంగు, ఆకాశనీలం, లేత గులాబీల మీద దాగదు. ముదురు నేవీ మీద, సన్న గళ్ల మీద తక్కువ. మొదటి మూడు నెలలకు గళ్లవే కుట్టించుకోవడం మంచిది, మంగళగిరిలో చిన్న గళ్లు, చారలు కూడా నేస్తారు. రెండున్నర మీటర్ల నూలు దుపట్టా ఆసరాగా ఉంచుకుంటే ఆఫీసులోనూ ధైర్యం. షిఫాన్ జారిపోతుంది. దుపట్టా నిలవడానికి పిన్నీసు పెట్టకండి, భుజం మీద గుడ్డ పట్టీ, టిచ్ బటన్ కుట్టించండి. పాలిచ్చేటప్పుడు దుపట్టాతో పిల్ల మొహం పూర్తిగా కప్పకూడదు, లోపల ఉక్కపోస్తుంది.

పిన్నీసుల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. సూత్రాలకో నల్లపూసలకో రెండు మూడు పిన్నీసులు తగిలించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంటుంది. పిల్ల చేతికి మొదట దొరికేవి అవే. తీసేసి ఒక డబ్బాలో పెట్టుకోండి. పొడుగు నల్లపూసలు లాగి తెంపుతారు, పూసలు నోట్లో పెట్టుకుంటారు. ఈ రెండేళ్లు మెడకు దగ్గరగా ఉండే పొట్టి గొలుసే మేలు. బుట్టలు మానేసి కమ్మలు. మూడో నెల నుంచి తల్లికి జుట్టు బాగా రాలుతుంది, ఒక్క వెంట్రుక పిల్ల కాలివేలికి చుట్టుకుని బిగిసినా వేలు ఉబ్బి ప్రమాదం. జుట్టు జడ వేసుకోండి, స్నానం చేయించేటప్పుడు వేళ్ల సందులు చూడండి.

మరకల విషయంలో నూలు ఓర్పుగలది, మనం తొందరపడకపోతే. పాల మరకకు ముందు చల్లటి నీళ్లే, వేడినీళ్లు పోస్తే మాంసకృత్తులు గట్టిపడి దారాన్ని పట్టుకుంటాయి. పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, కంగారుపడక్కర్లేదు, కడిగేసి ఆ మేర ఎండలో పెడితే వెలిసిపోతుంది. మిగతా కుర్తీని నీడలోకి మడవండి, లేకపోతే దాని రంగూ పోతుంది. అరటిపండు మరక పడగానే కనిపించదు, ఉతికి ఆరేశాక గోధుమరంగులో తేలుతుంది. పడిన వెంటనే నీళ్లు పోయడం ఒక్కటే ఉపాయం. పిల్లకు వేసే ఐరన్ చుక్కల మందు మరకకు నిమ్మరసం పనిచేస్తుంది, ముందు లోపలి మార్జిన్ మీద రంగు దిగుతుందేమో చూసుకోవాలి, జరీకి తగలనీయకూడదు. ఒళ్లు రుద్దిన కొబ్బరినూనె జిడ్డుకి గిన్నెల సబ్బు నీళ్లు చాలు. గుడ్డ మెత్తబరిచే ద్రావకాలు వాడొద్దు, దారం మీద పొరలా పట్టి నూలు తడి పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి. గంజి కూడా ఈ రెండేళ్లు మానేయాలి, పిల్ల చెంపకు గరుకు. వానాకాలంలో జిప్పు పట్టీల దగ్గర మూడు పొరలు ఆలస్యంగా ఆరతాయి, తడివాసన అక్కడే మొదలవుతుంది. కుర్తీని తిరగేసి, జిప్పులు తెరిచి ఆరేయాలి. ఈ సంగతి ఇంట్లో బట్టలు ఆరేసే వాళ్లందరికీ చెప్పి ఉంచండి, మగవాళ్లతో సహా.

రెడీమేడ్ రేయాన్ కుర్తీలు రెండు పక్కన పెట్టి చూశాను. కొత్తలో అవే మెత్తన, ఒంటి మీద బాగా జారుతాయి. కానీ రేయాన్ తడిస్తే బలం తగ్గే గుడ్డ, నూలు తడిస్తే బలపడే గుడ్డ. రోజూ తడిసే జిప్పు పక్కన రేయాన్ ముందు పీచులేచి, ఆరో నెలకి చిరిగింది. రాత్రిపూటకి మాత్రం పాత జిప్పు నైటీకి సాటి లేదు, కుర్తీతో నిద్రపోవడం సుఖం కాదు. ముందు హుక్కుల జాకెట్టు, పమిట చాటు, చీర కట్టే అలవాటున్న వాళ్లకు ఇవేవీ అక్కర్లేదు కూడా. చీర కట్టడానికి పది నిమిషాలు దొరకని వాళ్లకే ఈ కుర్తీలు.

రెండేళ్ల తర్వాత పరిస్థితి ఇది. నేవీ, పచ్చ కుర్తీలు భుజాల దగ్గర వెలిశాయి. జరీ నల్లబడింది. చంక కింద కుట్టు ఒకదానికి విడిపోతే రెట్టింపు కుట్టు వేయించాను, మొదటే అడిగి ఉంటే సరిపోయేది. గుడ్డ ఎక్కడా చిరగలేదు, పీచు లేవలేదు, కొత్తలో కంటే మెత్తబడింది. పాలు మాన్పించాక జిప్పులు విప్పించి ఆ తెరుపును ప్రిన్సెస్ కుట్టులోనే మూసేయించాను. జిప్పు పక్కన గుడ్డ ముదురుగా ఉండిపోయి సన్నటి గీత కనిపిస్తోంది, పైపింగ్ వేయిస్తే కప్పబడుతుంది. చేతుల కత్తిరింపులో మిగిలిన ముక్కల్లోంచి పిల్లకు పక్కన ముడివేసే జుబ్బా ఒకటి వచ్చింది. అది కావాలనుకుంటే కత్తిరించే ముందే టైలర్‌తో చెప్పాలి, చెప్పకపోతే ఆ ముక్కలు ఎడాపెడా కోసేస్తారు.