డబ్బాలో 26 చీటీలు: మా దిండి, అంతర్వేది యాత్ర

మా కాకినాడ అపార్ట్‌మెంట్ వాళ్లం ఏటా కోనసీమ వెళ్తాం. బండి 17 సీట్ల టెంపో ట్రావెలర్. వస్తామనేవాళ్లు ఎప్పుడూ దానికి రెట్టింపు. పోయినేడాది వరకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేవాళ్లం, ముందు పేరిచ్చినవాళ్లకి సీటు. పది నిమిషాల్లో నిండిపోయేది. రెండో అంతస్తులో ఉండే నర్సమ్మగారికి వరసగా రెండేళ్లు దొరకలేదు. ఆవిడది నైట్ డ్యూటీ, వార్డులో ఫోన్ చూసుకునే వీలుండదు. "నాకు రావాలని లేదనుకున్నారేమోనండీ" అని లిఫ్ట్ దగ్గర అంటే ఏం చెప్పాలో తోచలేదు. ముందొచ్చినవాళ్లకి ముందు అనే మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. మాలాంటిచోట మాత్రం అది ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్లకే న్యాయం.

అందుకని ఈసారి చీటీలు వేశాం. పేర్లివ్వడానికి వారం గడువు. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకే చీటీ, లెక్కకి రెండు సీట్లు. పోయినసారి దొరకనివాళ్లకి రెండో చీటీ. అలా 34 మందికి 21 చీటీలు, అదనంగా 5, మొత్తం 26. ఏర్పాట్లు చూడాలి కాబట్టి నాకో సీటు పక్కన పెడుతున్నానని ముందే చెప్పాను. మా ఆయన పేరు మాత్రం అందరితోపాటు డబ్బాలోకే వెళ్లింది. ఆయనకి రాలేదు.

ఆదివారం సాయంత్రం సెల్లార్‌లో అందరం చేరాం. ఒకే నోటుబుక్కు కాగితాలు, స్కేలు పెట్టి చింపి, రెండేసి మడతలు వేశాను. మూడో అంతస్తు మామ్మగారు బిస్కెట్ల డబ్బాలోకి తొంగిచూసి, "ఒకటి లావుగా ఉందేమే అమ్మాయీ?" అన్నారు. నిజమే, ఒకదానికి మూడో మడత పడింది. విప్పి సరిచేశాను. "మీరే కలపండి మామ్మగారూ" అంటే మోచేతి దాకా చెయ్యిపెట్టి కలిపారు. ఏడేళ్ల పాప కళ్లు మూసుకుని తీసింది. నాలుగోది నర్సమ్మగారిదే. ఆవిడ రెండో చీటీ వెతికి తీసేసి, మళ్లీ కలిపి కొనసాగించాం.

చివర్లో ఒక్క సీటే మిగిలింది, వచ్చింది జంట చీటీ. దీనికీ ముందే మాట అనుకున్నాం: ఆ సీటు తర్వాత వచ్చే ఒంటరి చీటీకి, జంట వెయిటింగ్‌లో మొదట. సీట్లు నిండాక కూడా ఆపకుండా డబ్బా ఖాళీ అయ్యేదాకా తీసి వరస రాసుకున్నాం. అదే మమ్మల్ని కాపాడింది. బయల్దేరడానికి రెండ్రోజుల ముందు ఒకరికి జ్వరం వచ్చింది. తన సీటు బావమరిదికి ఇస్తానన్నారు. కుదరదనడం కష్టమే అయింది గానీ, కాగితం చూపించి వెయిటింగ్‌లో వాళ్లకే ఇచ్చాం. జంట "ఇద్దరం అయితేనే" అనడంతో ఆ తర్వాతి ఒంటరి పేరుకి వెళ్లింది.

అంతర్వేది తీర్థం (అక్కడి జాతర) అయ్యాక వెళ్లాం కాబట్టి రద్దీ లేదు. మొదట కోరింగ. 1978లో అభయారణ్యం అయిన మడ అడవి ఇది. చెక్కబాట మీద నడుస్తుంటే బురదలోంచి నిటారుగా మేకుల్లా పైకొచ్చిన ఊపిరి వేళ్లు కనిపిస్తాయి. పిల్లలున్నవాళ్లు ఇక్కడ రెండు గంటలైనా పెట్టుకోవాలి. మేం వెళ్లేసరికి పాటు సమయం, అంటే నీళ్లు వెనక్కి తీసే వేళ, పడవ నడవలేదు. పోటు ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. యానాం దగ్గర బాలయోగి వారధి దాటుతుంటే పెద్దవాళ్లు పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద దాటిన రోజులు చెప్పుకున్నారు. అమలాపురంలో మెస్ భోజనం, పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకున్నాం.

దిండిలో మేం దిగిన రిసార్టుకి గోదారి గట్టు ఒక్కటే గొప్ప. గదులు శుభ్రంగానే ఉన్నాయి, టిఫిన్ మాత్రం గంటన్నర ఆలస్యం, వేడినీళ్ల కోసం మూడుసార్లు అడగాల్సి వచ్చింది. మోకాళ్ల నొప్పులున్న ఇద్దరికి కింది గదులు చీటీ లేకుండానే ఇచ్చేశాం. అవసరం ఉన్నచోట డబ్బా తీయకూడదని నా గట్టి అభిప్రాయం. ఉబలాటం అందరికీ సమానమైనచోటే చీటీ. హౌస్‌బోట్‌లో పడుకోవాలని అందరికీ ఉంది, అందులో ఉన్నవి రెండే పడగ్గదులు. మళ్లీ చీటీలు వేశాం. పడుకున్న నలుగురూ పొద్దున్నే చెప్పిందేంటంటే, రాత్రి పడవ ఒడ్డుకే కట్టేసి ఉంటుంది, గట్టు మీద గాలే అక్కడా, దోమలు అదనం. ఆ డబ్బుతో సాయంత్రం అందరం కలిసి గంటసేపు తిరగడమే మేలు. గోదారి వశిష్ఠ పాయ మీద పొద్దు వాలుతుంటే రెండు గట్ల కొబ్బరితోటలూ నల్లబడటం 17 మందీ చూశాం.

అంతర్వేదిలో దర్శనం అరగంటలో అయింది. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర గోదారి నీళ్లు, సముద్రం నీళ్లు కలవడం ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. అక్కడికి ఎండ ఎక్కకముందే వెళ్లాలి, నీడ లేదు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి మేం పంటు మీద దాటాం, బండి చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వచ్చింది. నరసాపురంలో లేసు అల్లే ఒకావిడ దగ్గర టేబుల్ గుడ్డలు కొన్నాం, బేరం ఆడలేదు. పాలకొల్లు క్షీరారామంలో ఆగినప్పుడు నర్సమ్మగారు, "కార్తీకంలో ఐదు ఆరామాలూ పెట్టండి, నాకు ఒక్క చీటీ చాలు" అన్నారు.

కార్తీకానికి అప్పుడే 40 మంది అడిగారు. డబ్బా మా వంటింటి గట్టు మీదే ఉంది.