పరుగు మానని కుక్కకు కీళ్ల నొప్పి: మాత్రా, సప్లిమెంటా, ఇంజెక్షనా?

హుషారైన కుక్కకు ఆర్థరైటిస్ వస్తే మనం గుర్తించేసరికి చాలా ఆలస్యమవుతుంది. బంతి కనబడితే చాలు, నొప్పిని లెక్కచేయకుండా ఉరుకుతుంది. అసలు సంగతి మర్నాడు పొద్దున తెలుస్తుంది. బరువంతా ముందుకాళ్ల మీద వేసి లేస్తుంది, వెనక కాళ్లు గ్రానైట్ మీద జారుతాయి, గోళ్లు గీసుకున్న చప్పుడు వినిపిస్తుంది. నాలుగడుగులు నడిచాక మళ్లీ మామూలే. దాంతో మనం "బాగానే ఉందిలే" అనుకుంటాం.

చాలామంది ముందు కీళ్ల సప్లిమెంటే మొదలుపెడతారు, మందు కాదు కాబట్టి హాని ఉండదని. నేను మాత్రం డాక్టర్ రాసిన నొప్పి మాత్రే ముందు అంటాను. ఆ సప్లిమెంట్లలో ఉండే గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ కుక్కల నొప్పి తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. వాటికంటే చేపనూనెలోని ఒమేగా-3 నయం, కానీ దాని ఫలితం కనబడటానికి వారాలు పడుతుంది. అన్నాళ్లూ నొప్పి భరించమని కుక్కను వదిలేయడం అన్యాయం.

మెలోక్సికామ్, కార్ప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కొద్ది రోజుల్లోనే తేడా చూపిస్తాయి. అలాగని వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. కడుపు, కిడ్నీలు, లివర్ మీద ప్రభావం ఉంటుంది కాబట్టి మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష, తర్వాత కూడా అప్పుడప్పుడూ చేయించాలి. తిండి పెట్టాకే వేయండి. వాంతులైనా, విరేచనం నల్లగా వచ్చినా, తిండి మానేసినా ఆపేసి డాక్టర్‌కు చెప్పండి. స్టెరాయిడ్ వాడుతున్న కుక్కకు వీటిని కలిపి ఇవ్వకూడదు. ఇంట్లో మన కోసం తెచ్చుకున్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రం ఒక్కటి కూడా వేయొద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్లు నెలకో ఇంజెక్షన్ గురించి అడుగుతుంటారు. అది బెడిన్‌వెట్‌మాబ్, లిబ్రెలా పేరుతో దొరుకుతుంది. నొప్పి సంకేతాలు పెంచే ఒక ప్రొటీన్‌ను అడ్డుకుంటుంది. యూరప్‌లో 2020లో, అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. రోజూ మాత్ర పడనివాటికి మంచి దారే. కాకపోతే నడక తూలడం, మూర్ఛలు వంటి సమస్యలు నమోదయ్యాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో వెటర్నరీ డాక్టర్లను హెచ్చరించింది. మాత్ర పడుతున్న కుక్కకైతే నేను మాత్ర మాని ఇంజెక్షన్‌కు మారను.

మాత్రతో సమానంగా పట్టించుకోవాల్సింది బరువు. 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా పెంచి, ఒకదానికి జోడీ కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టిన అధ్యయనం ఒకటుంది. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి ఆర్థరైటిస్ కూడా ఆలస్యంగా వచ్చింది. మన ఇళ్లలో టీ తాగిన ప్రతిసారీ ఒక బిస్కెట్, రాత్రి మిగిలిన పెరుగన్నం, ఇవన్నీ లెక్కే. పక్కటెముకలు చేతికి సులువుగా తగలాలి. తగలకపోతే సప్లిమెంట్ డబ్బాకు పెట్టే డబ్బు మిగుల్చుకుని ముందు గిన్నె తగ్గించండి.

ఇక ఆట. బంతి విసరడమా, నడకా అంటే నడకే. బంతి వెంట పరుగులో హఠాత్తుగా ఆగడం, తిరగడం, ఎగరడం ఉంటాయి, కీళ్లను దెబ్బతీసేవి అవే. ఆదివారం ఒక్కరోజు గంటసేపు పరిగెత్తించి మిగతా రోజులు ఇంట్లో ఉంచడం కన్నా రోజూ రెండు మూడుసార్లు కొద్దిసేపు లీష్‌తో నడిపించడం మేలు. ఈత ఇంకా మంచిది, దిగడానికీ ఎక్కడానికీ ఏటవాలు దారి ఉంటేనే. మాత్ర పనిచేయడం మొదలయ్యాక దానికి పాత హుషారు వచ్చేస్తుంది. లీష్ అప్పుడే ఎక్కువ అవసరం, ఎందుకంటే నొప్పి తగ్గినంత మాత్రాన కీలు నయం కాలేదు. టైల్స్ మీద అది తిరిగే దారిలో జారని మ్యాట్లు వేయండి, డాబా మెట్లకు అడ్డం పెట్టండి.

పొద్దున అది లేచే తీరును వారానికోసారి ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి. క్లినిక్‌లో టెన్షన్‌కి కుంటకుండా నడిచే కుక్కలు చాలా ఉంటాయి. రెండు మూడు వారాల తర్వాత కూడా తేడా లేకపోతే ఆ వీడియోలు చూపించి, గాబాపెంటిన్ లాంటి మరో నొప్పి మందు జతచేయాలా అని డాక్టర్‌ని అడగండి.