రోజుకో కాగితం చింపే తెలుగు చరిత్ర క్యాలెండరు: ఏది బాగుంది, ఎక్కడ తప్పింది

తిథి, నక్షత్రం, వర్జ్యం కింద ‘మన చరిత్రలో ఈ రోజు’ అంటూ నాలుగు వరుసలు వేసిన గోడ క్యాలెండరు ఇది. ఇంట్లో పిల్లలున్నవాళ్లు కొనుక్కోవచ్చు. గ్రూప్స్‌కి చదివేవాళ్లు మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

అన్నిటికన్నా బాగా కుదిరింది సెప్టెంబరు. హైదరాబాద్ సంస్థానం కథను ఒకే కాగితంలో కుక్కలేదు. 1948లో 13న సైన్యం ప్రవేశించడం, 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించడం, 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్ భారత సైన్యం తరఫున వచ్చిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లాంఛనంగా లొంగిపోవడం వేటికవే వేశారు. విలీనమా, విమోచనమా అన్న వాదంలోకి దిగకుండా ఆ రోజు జరిగింది చెప్పారు. తెలంగాణ బిల్లుకూ ఇదే పద్ధతి: 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ, మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం, జూన్ 2న అమలు. కానీ 2009 డిసెంబరు 9 ప్రకటన వేసి, దాన్ని వెనక్కి లాగిన డిసెంబరు 23 ప్రకటనను వదిలేశారు. అది లేకపోతే తర్వాతి ఉద్యమం ఎందుకు అంత రాజుకుందో అర్థం కాదు.

పెద్ద తప్పులు రెండు. పొట్టి శ్రీరాములు మరణాన్ని డిసెంబరు 16న వేశారు. 1952 అక్టోబరు 19న దీక్షకు కూర్చున్న ఆయన కన్నుమూసింది డిసెంబరు 15 రాత్రి. పొద్దుపోయాక జరగడం వల్ల చాలామందికి తెలిసింది మర్నాడు, తేదీ జారేది అక్కడే. ఇక అక్టోబరు 1 కాగితం మీద ‘ఆంధ్రప్రదేశ్ అవతరణ’ అని ఉంది. 1953లో ఆ రోజు వచ్చింది 11 జిల్లాల ఆంధ్ర రాష్ట్రం, రాజధాని కర్నూలు, ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న వచ్చింది.

నిజాం కాలపు ఘట్టాల్లో అక్కడక్కడా ఒక ఏడాది తేడా కనిపిస్తుంది. నిజాం రాజ్యంలో వాడిన ఫసలీ సంవత్సరాన్ని ఇంగ్లిషు సంవత్సరంలోకి మార్చడానికి ఏడాది పొడవునా 590 కలిపేసినట్టున్నారు. అక్కడి ఫసలీ అక్టోబరు మొదట్లో మొదలయ్యేది, కాబట్టి జనవరి నుంచి సెప్టెంబరు దాకా 591 కలపాలి. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద ఫసలీ 1317లోది. లెక్క వేసి చూసుకోండి.

1977 నవంబరు 19 దివిసీమను ‘తుఫాను’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడం బాధ కలిగిస్తుంది. ఊళ్లను తుడిచిపెట్టింది ఉప్పెన, ఆ మాట ఉండి తీరాలి.

కాగితం పల్చన, గమ్ము గట్టి. మధ్యలో పట్టి లాగితే సరిగ్గా చరిత్ర వరుసల దగ్గరే చిరుగుతుంది. పై మూల దగ్గర పట్టుకుని మెల్లగా పక్కకి లాగండి. మళ్లీ అచ్చు వేస్తే కొనేముందు అక్టోబరు 1, డిసెంబరు 15 కాగితాలు తిరగేసి చూడండి.