రాజమండ్రి స్టేషనా, గోదావరి స్టేషనా?

రాజమండ్రిలో ఉండి నిడదవోలు వైపు వెళ్లేవాళ్లకి ఎప్పుడూ ఉండే మీమాంస ఇది. దూరప్రయాణమైతే ఆలోచించక్కర్లేదు, పెద్ద స్టేషనే. ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువగా ఆగేది అక్కడే. వెయిటింగ్ హాలు, టిఫిను, పెట్టె మోసేవాళ్లు, అన్నీ ఉంటాయి. కాకపోతే ఆ రద్దీలో టికెట్ క్యూ చూస్తేనే టెన్షన్.

ప్యాసింజర్ బండికైతే మాత్రం నా ఓటు గోదావరి స్టేషన్‌కే. చిన్నది. హంగులు తక్కువ, కాఫీ ఇంటి దగ్గరే తాగి బయల్దేరడం మేలు. కానీ పుష్కర ఘాట్ నుంచి నడిచి వచ్చేయొచ్చు. బండి కదిలిన కాసేపటికే వంతెన మీదుంటాం. అటు పక్కన 1900లో కట్టిన పాత హేవలాక్ వంతెన, 1997 నుంచి రైళ్లు లేక, ఖాళీగా కనిపిస్తుంది. మా అమ్మమ్మ అయితే చిల్లర ముందే కొంగున ముడేసుకునేది, గోదారమ్మకి వెయ్యడానికి. అవతల ఒడ్డు కొవ్వూరు.