ఈజిప్టు స్టడీ టూర్‌కి డబ్బు కడుతున్నారా? ముందు ఇది చదవండి

పురాతన కట్టడాలు చూపిస్తాం, వెంట నిపుణుడు ఉంటాడు అని చెప్పే గ్రూపు టూర్లలో చేరబోతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మేం మోసపోయాం. ఇంకొకరు మోసపోకూడదు.

మా నాన్నగారు 30 ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పారు. రిటైరయ్యాక నన్ను అడిగింది ఒక్కటే, ఈజిప్టు. 'పురావస్తు నిపుణుడితో 11 రోజులు' అన్న బ్రోషర్ చూసి, మామూలు ప్యాకేజీకి దాదాపు రెట్టింపు కట్టాం. అందులో ఒక ప్రొఫెసర్‌గారి ఫొటో, ఆయన చేసిన తవ్వకాల వివరాలు, గ్రూపులో 16 మందికి మించరన్న హామీ ఉన్నాయి. కైరోలో దిగి చూస్తే 34 మందిమి. ప్రొఫెసర్‌గారు లేరు.

అడిగితే టూర్ మేనేజర్, 'ఇక్కడ బయటి దేశాల వాళ్ళు గైడ్ చేయకూడదండీ' అన్నాడు. ఆ మాట నిజమే. ఈజిప్టులో ప్రభుత్వ లైసెన్సు ఉన్న అక్కడి గైడే స్థలం దగ్గర వివరించాలి. కానీ బ్రోషర్ అచ్చు వేసిన రోజున కూడా ఆ నియమం ఉంది కదా. పద్ధతిగా నడిపేవాళ్ళు పండితుణ్ణి ఉపన్యాసకుడిగా తీసుకెళ్ళి, ఆయనతో పాటు లైసెన్సున్న గైడ్‌ని పెడతారు. రాత్రి హోటల్లో పాఠం, పొద్దున స్థలం దగ్గర వివరణ. మేం డబ్బు కట్టింది దానికే.

గీజాలో మాకిచ్చిన గైడ్, పిరమిడ్లను బానిసల చేత కొరడాలతో కొట్టి కట్టించారని చెప్పాడు. ఆ పిరమిడ్ల దగ్గర్లోనే 1990 నుంచి పనివాళ్ళ సమాధులు బయటపడుతూ వచ్చాయి. విరిగిన ఎముకలకు వైద్యం చేసి అతికించిన ఆనవాళ్ళు ఆ అస్థిపంజరాల్లో ఉన్నాయి. రాజు సమాధి నీడలో అంత గౌరవంగా పూడ్చిపెట్టినవాళ్ళు బానిసలు కారన్నది ఇప్పుడు పండితులు ఒప్పుకునే మాట. నాన్నగారు ఆ సమాధుల గురించి అడిగితే, 'టైం లేదు సార్' అని బస్సు వైపు నడిచాడు. కుర్రాడు మర్యాదస్తుడే, అతని మీద నాకు కోపం లేదు. అతన్ని నిపుణుడని చెప్పి అమ్మినవాళ్ళ మీదే నా కోపమంతా.

లక్సర్‌లో ఇంకా అన్యాయం జరిగింది. ప్రాచీన రాజుల సమాధులను కొండల్లో తొలిచిన రాజుల లోయ అక్కడ ఉంది. దానికి మామూలు టికెట్ కొంటే మూడు సమాధుల్లోకి వెళ్ళనిస్తారు. టుటన్‌ఖామున్, మొదటి సేటి, ఆరవ రామ్సెస్ సమాధులకు వేరే టికెట్లు కొనాలి. బ్రోషర్ అట్ట మీద నీలి రంగు పైకప్పు మీద నక్షత్ర దేవతలున్న బొమ్మ వేశారు. అది సేటి సమాధిలోదని, దానికి మాకు టికెట్ కలపలేదని గేటు దగ్గర తెలిసింది. పైగా సమాధుల లోపల గైడ్లు మాట్లాడకూడదు. ఏ మూడు చూడాలో, గోడల మీద ఏం వెతకాలో బయటే చెప్పి పంపాలి. నిపుణుడు ఉండాల్సింది సరిగ్గా అక్కడే. మాకు టికెట్లు చేతిలో పెట్టి, గంటంబావులో బస్సు దగ్గరికి రమ్మన్నారు.

అదే రోజు అలబాస్టర్ అనే మెత్తని రాతి వస్తువుల దుకాణంలో గంట, పపైరస్ (ప్రాచీన ఈజిప్టువాళ్ళు రాసుకున్న రెల్లు కాగితం) దుకాణంలో ఇంకో గంట కూర్చోబెట్టారు. ప్రోగ్రాం కాగితంలో వాటి పేరు 'ప్రాచీన హస్తకళల పరిచయం'. ఇలాంటి దుకాణాల్లో మన కొనుగోళ్ళ మీద తీసుకొచ్చినవాళ్ళకి కమిషన్ ముడుతుంది.

ఆ రెండు గంటలకీ బలైపోయింది దెయిర్ ఎల్ మెదీనా. రాజుల సమాధులను తొలిచి, చెక్కి, రంగులు వేసిన పనివాళ్ళ ఊరు అది. ఇళ్ళ పునాది గోడలు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. మూడవ రామ్సెస్ అనే రాజు ఏలుబడి 29వ ఏట, జీతంగా రావలసిన ధాన్యం అందక ఆ ఊరివాళ్ళు పని ఆపేసి గుడి దగ్గర బైఠాయించారు. ఆ సంగతి రాసిన పపైరస్ ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. చరిత్రలో రాతపూర్వకంగా మిగిలిన మొదటి సమ్మె అదేనంటారు. నాన్నగారు ఏటా పిల్లలకు చెప్పిన పాఠం. ఆ వీధిలో నడవాలనే అంత దూరం వచ్చారు. బస్సు కిటికీలోంచి వేలు పెట్టి చూపించి, 'అదిగో' అన్నారు. ఆయన ఏమీ అనలేదు, నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకున్నారు.

వచ్చాక ఫిర్యాదు చేస్తే, షరతుల్లో 'లేదా తత్సమాన అర్హత గల వ్యక్తి' అన్న మాట చూపించారు. తర్వాతి టూర్‌కి తగ్గింపు ఇస్తామన్నారు. వద్దన్నాను.

కాబట్టి అడ్వాన్సు కట్టేముందే నిపుణుడి పేరు, ఆయన వెంట ఉండే రోజులు కాగితం మీద రాయించుకోండి. ఆయన రాకపోతే డబ్బు ఎంత వెనక్కిస్తారో కూడా. ఏయే సమాధికి టికెట్ కలిపారో పేరుపేరునా అడగండి, 'ప్రవేశ రుసుములు చేర్చబడినవి' అంటే చాలదు. ప్రోగ్రాంలో 'సందర్శన' అన్నచోట దిగుతారు, 'వీక్షణం' అన్నచోట చాలాసార్లు బస్సు ఆగదు కూడా. దెయిర్ ఎల్ మెదీనాకి మా కాగితంలో ఉన్నది ఆ రెండో మాటే, నేను గమనించలేదు. ఒక్కో స్థలంలో ఎన్ని గంటలో, దుకాణాలకు ఎంతసేపో రాసివ్వమంటే తడబడేవాళ్ళ దగ్గర కట్టొద్దు.

వచ్చే చలికాలం నాన్నగారూ నేనూ మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి గ్రూపు లేదు. లక్సర్‌లో లైసెన్సు ఉన్న గైడ్‌ని మేమే రోజువారీగా మాట్లాడుకుంటున్నాం. మొదటి రోజు దెయిర్ ఎల్ మెదీనాకే.