బ్రోచర్‌లో వీల్‌చైర్ బొమ్మ చూసి అడ్వాన్స్ ఇవ్వకండి

ఫ్లాటు కొనబోతున్న వీల్‌చైర్ వాడేవాళ్లూ, ఇంట్లో నడవలేని పెద్దవాళ్లున్నవాళ్లూ, ముందు సైటుకెళ్లి కొలవండి. నేను ముందు డబ్బు కట్టి, తర్వాత కొలిచాను.

హైదరాబాద్ శివార్లలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. బ్రోచర్‌లో వీల్‌చైర్ బొమ్మ, పక్కన ‘ర్యాంపు, లిఫ్టు కలవు’ అని. రెండు లక్షలు కట్టాను. ‘కలవు’ అన్న మాట నిజమే. పార్కింగ్ నుంచి లిఫ్టుకి మూడు మెట్లు, ఒకటిన్నర అడుగుల ఎత్తు. దానికి వేసిన ర్యాంపు పొడవు నాలుగడుగులు! కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అడుగు ఎత్తుకి పన్నెండడుగుల ర్యాంపు ఉండాలి. అంటే ఇక్కడ పద్దెనిమిది. వీళ్లు కట్టింది సిమెంటు బస్తాలు జార్చడానికి పనికొస్తుందేమో.

బాత్రూం తలుపు ‘రెండున్నర అడుగులు’ అన్నారు. అది గోడలో వదిలిన ఖాళీ. ఫ్రేము బిగించాక మిగిలింది 25 అంగుళాలు. నా చైర్ 26. అసలు ఉండాల్సింది 900 మిల్లీమీటర్లు, దాదాపు మూడడుగులు.

అడిగితే మార్కెటింగ్ కుర్రాడు, ‘టెన్షన్ పడకండి సార్, వాచ్‌మన్ ఎత్తి దించుతాడు’ అన్నాడు. పాపం, మంచి మనసుతోనే అన్నాడు. కానీ నేను గ్యాస్ సిలిండర్‌ని కాదు కదా.

2016 వికలాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం, నిబంధనలకి తగ్గట్టు లేని ప్లాన్‌కి అనుమతే ఇవ్వకూడదు. ఈ నిబంధనలు సలహాల్లా ఉంటే చాలదనీ, తప్పనిసరి ప్రమాణాలు తేవాలనీ 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కోర్టు ముందున్న నివేదిక మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లదే.

డబ్బు వెనక్కడిగితే ‘క్యాన్సిలేషన్ చార్జీలు’ అన్నారు. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకి ఉన్న రెరా చట్టం 12వ సెక్షన్ చూపించి మెయిల్ పెట్టాను: ప్రకటనలో తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లు తప్పుకుంటే, మొత్తం వడ్డీతో సహా తిరిగివ్వాలి. అప్పుడు కదిలారు. ఇంకోటి, రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. అంతకంటే అడిగితే ఇవ్వకండి.

వెళ్లేటప్పుడు మీ చైర్‌లోనే వెళ్లండి, టేపు పట్టుకెళ్లండి. గేటు నుంచి బాత్రూం దాకా ఎవరి సాయం లేకుండా వెళ్లగలిగితేనే బేరం మొదలుపెట్టండి. బ్రోచర్ పారేయకండి. నాకింకా యాభై వేలు రావాలి, అందుకే నా బ్రోచర్ బీరువాలోనే ఉంది.